అంగడామె ఫోన్లను మింగిన ప్యాకేజీ

"పెండింగ్ సున్నా" అని ఎవరైనా గొప్పగా చెబితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అలాంటి సున్నా ఒకదాన్ని తయారుచేసిన చేతుల్లో నావి కూడా ఉన్నాయి కాబట్టి ఇంకా ఎక్కువ మండుతుంది. ఆఫీసుల్లో ఫిర్యాదుల సాఫ్ట్‌వేర్లు నడిపేవాళ్ళు, వాటికి కొత్త భాగాలు రాసేవాళ్ళు మీలో చాలామంది ఉన్నారని తెలుసు. మీరు నాకంటే బాగా చదువుకున్నారు. అయినా నేను చేసిన పని మీరు చేయరనే నమ్మకం నాకు లేదు. అందుకే రాస్తున్నాను.

నేను కంప్యూటరు ఏ కాలేజీలోనూ చదవలేదు. ఇంటర్ తప్పి, టైపు పరీక్ష పాసై, పల్లెలకు తాగునీరు పంచే ఒక పథకం ఆఫీసులో చేరాను. ఆ ఆఫీసు పేరు చెప్పను. చదివినవాళ్ళు ఎవరికి వారు తమదే అనుకుంటే మంచిదే. కడపలో పనిచేసినన్నాళ్ళూ సాయంత్రాలు గ్రంథాలయంలో గడిపాను. అక్కడ చివరి బీరువాలో ఎవరూ ముట్టని ఇంగ్లీషు కంప్యూటరు పుస్తకాలు ఉండేవి. పక్కన నిఘంటువు పెట్టుకుని, అర్థం కాని మాటలు నోటుబుక్కులో రాసుకుంటూ ఒక్కో పేజీ చదివాను. లావుపాటి పుస్తకం ఒకటి పద్నాలుగుసార్లు ఇంటికి తీసుకుపోయాను. గ్రంథాలయం ఆయన కార్డు చూసి నవ్వాడు.

"ఇది మా దగ్గర ఉండే దినాల కంటే మీ ఇంట్లో ఉండే దినాలే ఎక్కువప్పా. రేషన్ కార్డులో పేరు ఎక్కించుకో."

ఎక్కించుకునేవాణ్ణే. నా చదువంతా ఆ బీరువా పెట్టిన భిక్ష. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు, గర్వమే.

తర్వాత కర్నూలుకు బదిలీ అయ్యాను. అప్పటికి అక్కడ ఫిర్యాదుల రిజిస్టరు పోయి హెల్ప్‌డెస్క్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. అది ఓపెన్ సోర్స్. అంటే లోపలి రాత అంతా అందరికీ కనబడుతుంది. ఎవరైనా చదవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ఫోను వస్తే ఫిర్యాదు రాసుకుని దానికొక నంబరు ఇస్తుంది. పని అయ్యేదాకా తెరిచి ఉంచుతుంది, అయ్యాక మూస్తుంది. మొదట దాన్ని పెట్టిన మనిషి మా ఆఫీసుకు కావలసిన మార్పులన్నీ అసలు ఫైళ్ళలోనే చేసి వెళ్ళిపోయాడు. కొత్త వెర్షన్ ఎక్కించిన రోజు అవన్నీ కొట్టుకుపోయాయి. ఊళ్ళ పేర్లు కూడా మిగల్లేదు.

అప్పుడు నేను లేచి, అసలు ఫైళ్ళను ముట్టకుండా విడిగా యాడ్-ఆన్ ప్యాకేజీ రాస్తానన్నాను. అద్దె ఇంటి గోడ తొలిచి అలమర కట్టుకోకుండా బీరువా తెచ్చి పెట్టుకోవడం లాంటిది అది. కావాలన్నప్పుడు పెట్టుకోవచ్చు, వద్దన్నప్పుడు మోసుకుపోవచ్చు, గోడ గోడలాగే ఉంటుంది. టైపిస్టు కోడు రాస్తాడట అని ఆఫీసంతా నవ్వింది. మూడు వారాల్లో రాశాను. మండలం ఎంచుకుంటే ఊళ్ళ పేర్లు తెలుగులో వరుసగా రావడం, అంతే దాని పని. ఫోన్ల దగ్గర కూర్చునే మా సహోద్యోగిని, పాతబస్తీ ముస్లిం ఇంటి ఆడమనిషి, తెర చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అన్నా, కోయిలకుంట్ల అని తెలుగులోనే వస్తాండాది! ఇన్నేళ్ళూ ఇంగ్లీషులో దాన్ని ఎన్ని రకాలుగా రాసినానో అల్లాకే తెలియాల."

ఆ రోజు నేను నేల మీద నడవలేదు. అదే నా కొంప ముంచింది. మెప్పు రుచి తెలిసినవాడిని పిలిచి పని చెప్పడం తేలిక.

మా అధికారి చిన్నవాడు, చురుకైనవాడు. ఆయన గదిలో గోడకు పెద్ద టీవీ ఉండేది. పెండింగ్ ఫిర్యాదుల సంఖ్య దాని మీద ఎర్రగా వెలుగుతుండేది. ఒకరోజు నన్ను పిలిచి కుర్చీ చూపించాడు. అన్నేళ్ళ ఉద్యోగంలో ఒక అధికారి నన్ను కూర్చోమనడం అదే మొదలు.

"చూడప్పా, వీళ్ళు ఒక్క కుళాయికి పది తూర్లు ఫోన్ చేస్తారు. పది ఫిర్యాదులు పడతాయి. నా నెత్తిన ఎర్రగా పది. నువ్వు ప్యాకేజీలు రాస్తావు కదా, దీనికొకటి రాయి."

ఆ మాటలో నిజం లేకపోలేదు. ఒకే ఫోను నంబరు నుంచి ముప్పై రోజుల్లోపు మళ్ళీ ఫిర్యాదు వస్తే దాన్ని కొత్తగా లెక్కపెట్టకుండా పాతదానికి జత చేసేలా ప్యాకేజీ రాశాను. జత చేసిన ఫోన్ల మాటలు, తేదీ, సమయం ప్యాకేజీ సొంత పట్టికలోకి వెళ్ళేవి. పాత ఫిర్యాదు అప్పటికే మూసేసి ఉంటే దాన్ని మళ్ళీ తెరిచే పంక్తి కూడా రాశాను. ఆయన అది చూశాడు.

"మళ్ళీ తెరిచేది ఏందప్పా? రీఓపెన్ అంటే పైవాళ్ళ దగ్గర ఇంకా చెడ్డపేరు. తీసెయ్."

"మూసినదానికి జత చేస్తే ఎవరి కంటికీ కనబడదు సార్."

"రిపేరు అయింది కాబట్టే కదా మూసినాము. ఇంగేముంటాది?"

తీసేశాను. ఒక్క పంక్తి. చేయి వణికిందని, మనసు కీడు శంకించిందని ఇప్పుడు రాసుకోవచ్చు. అదేమీ లేదు. తీసేసి, టీ తాగి, ఇంటికి పోయాను.

ఆయన చెప్పకుండా నా అంతట నేను చేసిన తప్పు ఇంకొకటి ఉంది. ముప్పై రోజులను మొదటి ఫోను నుంచి కాక, చివరి ఫోను నుంచి లెక్కపెట్టాను. అంటే మనిషి మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తున్నకొద్దీ గడువు ముందుకు జరుగుతూ పోతుంది. ఎంత గట్టిగా అరిస్తే తలుపు అంత గట్టిగా మూసుకుంటుందన్నమాట.

అన్నిటికీ మించి, ఫోను నంబరంటే ఒక మనిషి అనుకున్నాను. మా వైపు అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. కానీ ఆఫీసులతో మాట్లాడటం మాత్రం మాట్లాడగలిగినవాళ్ళ పని. పేటకొకరు, వీధికొకరు ఉంటారు. పింఛను ఆగినా, గ్యాసు రాకపోయినా, తీగ తెగినా వాళ్ళ దగ్గరికే పోయి "నువ్వే మాట్లాడు" అంటారు. నాకు ఈ పద్ధతి తెలియదా? మా వీధిలో కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసేది నేనే! ఇరవై ఇళ్ళ తరఫున నా ఒక్క నంబరు నుంచి మాట్లాడుతూనే, ఒక నంబరుకు ఒక ఫిర్యాదే అని రాసి పెట్టాను. పుస్తకాలు చదివి వీధిని మరిచిపోయినవాడి తెలివి అది.

బేతంచెర్ల దగ్గర నాపరాయి గనులకు పోయే దారి పక్కన ఒక పేట ఉంది. ఎక్కువమంది క్రైస్తవులు, గనుల్లోనూ పాలిషు మిషన్ల దగ్గరా కూలికి పోయేవాళ్ళు. ఆ పేటకు మాట్లాడే మనిషి చిన్న అంగడి పెట్టుకున్న ఒక విధవరాలు. చర్చి ముందర కుళాయి పిడి విరిగిందని ఆమె ఫోన్ చేసింది. లైన్‌మన్ పోయి కొత్త పిడి బిగించి వచ్చాడు, ఫిర్యాదు మూసేశాం. వారం తిరక్కముందే బండల లారీ ఒకటి దారి దిగి, కింద ఉన్న పైపును నుజ్జు చేసింది. పేటకు నీళ్ళు ఆగిపోయాయి. ఆమె ఫోన్ చేసింది. అదే నంబరు. నా ప్యాకేజీ ఆ ఫోనును మూసేసిన కుళాయి పిడికి జత చేసింది.

ఫోన్ల దగ్గరి సహోద్యోగిని నాతో రెండుసార్లు అంది.

"అన్నా, బేతంచెర్ల పక్క అంగడామె దినమూ చేస్తాండాది. మీ మిషను మింగుతాండాది, కక్కడం ల్యా."

"మింగడం కాదమ్మా, జత చేస్తుంది. పాత నంబరు చెప్పు, చాలు," అన్నాను.

ఆ 'చాలు' అన్న నోటిని ఇప్పటికీ తిట్టుకుంటాను. అలా నెల దాటింది.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు ట్రాక్టరు నిండా ఖాళీ బిందెలతో పేట జనం ఆఫీసు ముందు దిగారు. అంగడామెను ముందుకు తోసి, వాళ్ళ సంఘ పెద్ద, చర్చి పనులు చూసే ముసలాయన, మా అధికారిని అడిగాడు.

"ఈమె దినమూ ఫోన్ చేస్తాండా అంటాది. మీరు రాల్యా. యాడ ఉండాది లోపం, చెప్పండి సార్."

మా అధికారి ఆమె నంబరు కొట్టించి తెరను వాళ్ళ వైపు తిప్పాడు.

"చూడండి. ఒక్కటే ఫిర్యాదు. కుళాయి పిడి. రిపేరు చేసినాము, మూసినాము. దాని తర్వాత ఏమీ లేదు. కంప్యూటరుకు అబద్ధం చెప్పాల్సిన పనేముంది?"

"లేదు సార్! పొద్దున్నే అంగడి తెరిచి మొదట మీకే ఫోన్ చేస్తాండా. ఈడ ఒక మేడమ్ ఎత్తుతాది, మీ ఫిర్యాదు ఉండాదమ్మా అంటాది."

వెనక నుంచి ఒక మగ గొంతు లేచింది. "ఎందుకు చేస్తాది? కుళాయి ఎండితేనే కదా అంగట్లో నీళ్ళ క్యాన్లు అమ్ముడు పోయేది."

ఆమె గిర్రున తిరిగింది. "ఆ మాట అన్నోడు ముందుకొచ్చి నా మొగం చూసి అను."

ఎవరూ రాలేదు. ఎవరూ కాదని కూడా అనలేదు. మా సహోద్యోగిని లేచి, "నేనే మాట్లాడినా సార్, ఆమె నిజంగానే..." అంటుంటే అధికారి ఆమెను చూడకుండానే, "ఫోన్ మోగుతాంది, పోయి చూడమ్మా," అన్నాడు. ఫోను మోగడం లేదు.

తిరుగు ప్రయాణంలో ట్రాక్టరులో అంగడామె పక్కన ఎవరూ కూర్చోలేదు. అంత కిక్కిరిసిన ట్రాక్టరులో ఆమె చుట్టూ ఖాళీ. ఇరవై ఏళ్ళు పేట కోసం మాట్లాడిన మనిషి నోటికి విలువ లేకుండా చేశాం. నీళ్ళు లేకపోతే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తెస్తారు. మాట పోతే ఆమె ఆ పేటలో ఎట్లా బతకాలి? నేను కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. కిందికి దిగి ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. దిగలేదు.

ఆ మధ్యాహ్నం నా పట్టిక తెరిచాను. ఆమె నంబరు మీద అప్పటికి ముప్పై ఆరు వరుసలు. తేదీలు, సమయాలు, ఆమె మాటలు. మా సహోద్యోగిని చెప్పినవి చెప్పినట్టే తెలుగులో కొట్టి పెట్టింది.

నేరుగా అధికారి దగ్గరికి పోయాను. ప్యాకేజీ తీసేస్తాను, ఈ ఫోన్లన్నిటినీ ఫిర్యాదులుగా తెరుద్దాం అన్నాను.

"వచ్చే వారం రివ్యూ పెట్టుకుని ముప్పై ఆరు తెరుస్తావా? నీకేమన్నా మతి పోయిందా అప్పా? లైన్‌మన్‌ను పంపిస్తాలే. కంప్యూటర్లో మాత్రం చెయ్యి పెట్టొద్దు."

లైన్‌మన్ పోయి చూసి వచ్చాడు. లారీల దారి కింద తవ్వి కొత్త పైపు వేయాలి, దానికి ఎస్టిమేటు కావాలి. ఎస్టిమేటుకు తెరిచి ఉన్న ఫిర్యాదు నంబరు కావాలి. నంబరు లేదు. కాబట్టి పైపు లేదు. ఈ వాక్యాలను మీరు మళ్ళీ ఒకసారి చదవండి. మా ఆఫీసులో ఎవరికీ వీటిలో వింత కనబడలేదు. నేను నా సొంత ఫోను నుంచి ఆ పేట పేరుతో ఫిర్యాదు పెట్టించాను. సాయంత్రానికి దాన్ని మూసేశారు. కారణం: ఫిర్యాదుదారు ఆ ఊరి నివాసి కాదు.

చివరికి పేట జనం బండల లారీలకు అడ్డంగా దారి మీద కూర్చున్నారు. నీళ్ళు లేవన్నప్పుడు కదలని ఫోన్లన్నీ లారీలు ఆగాయనగానే కదిలాయి. మర్నాడు పెద్ద ఇంజనీరు వస్తున్నాడని కబురొచ్చింది. ఆ మర్నాడు ఉదయం పదింటికి మా అధికారి మొదటిసారి తానే నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఆ జత చేసే ప్యాకేజీ తీసెయ్. ఇప్పుడే."

"ఇప్పుడు తీయకూడదు సార్."

"వారం నుంచి తీస్తా తీస్తా అని నా ప్రాణం తిన్నావు కదప్పా!"

"తీస్తే పట్టిక కూడా పోతుంది. ఆ ఫోన్ల వివరాలన్నీ దాంట్లోనే ఉన్నాయి."

ఇది కూడా నా చదువు ఫలమే. ప్యాకేజీ తీసేసినప్పుడు దాని ఆనవాలు ఏదీ మిగలకూడదని పుస్తకంలో చదివి, పట్టికను కూడా చెరిపేసేలా శుభ్రంగా రాశాను. బీరువా మోసుకుపోతే లోపలి బట్టలూ పోతాయి. ఆయనకు అంతవరకు ఆ సంగతి తెలియదు, నేనే చెప్పాను. చెప్పగానే ఆయన ముఖం తేటపడటం చూశాను.

"అయితే ఇంకా మంచిది. తీసెయ్."

"రాసివ్వండి సార్."

"ఏం రాసియ్యాల?"

"'ఫిర్యాదుల పట్టిక చెరిపెయ్యండి' అని. కింద సంతకం."

"నాకే నియమాలు చెప్తాండావా? లైబ్రరీలో నాలుగు పుస్తకాలు తిరగేసి, ఇంజనీరు అనుకుంటాండావా?"

"నాలుగు కాదు సార్," అన్నాను. కోపంలో అంతకంటే మంచి జవాబు దొరకలేదు.

మేము ఇలా అరుచుకుంటుండగానే గది మూలనున్న ప్రింటరు కదిలింది. మా సహోద్యోగిని పక్క కంప్యూటరులో పట్టిక తెరిచి ప్రింటు ఇచ్చేసింది. ఆ తెర చూసే అనుమతి ఆమెకు నేనే ఎప్పుడో ఇచ్చాను. అంగడామె నంబరు ఒక్కటే ఎంచుకోవడం ఆమెకు చేతకాలేదు. మొత్తం పట్టిక, అన్ని ఊళ్ళదీ, కాగితం వెంట కాగితం వచ్చి నేల మీద పడుతోంది.

"కాగితాలు అయిపోయినాయి అన్నా," అంది, మా ఇద్దరి మధ్య ఏమీ జరగనట్టు. "ఇంగో కట్ట యాడ పెట్టినారు?"

పెద్ద ఇంజనీరు వచ్చేసరికి ఆ కట్ట ఆయన కూర్చునే బల్ల మీద ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చదివాడు.

"ఇవన్నీ ఏమిటి?"

"డూప్లికేట్లు సార్," అన్నాడు మా అధికారి.

"నీళ్ళు లేవని ఒక మనిషి ముప్పై ఏడుసార్లు చెప్పింది. దీనిలో అసలేది, డూప్లికేటేది?"

"అసలుది కుళాయి పిడి సార్. అది మూసేశాం," అన్నాను నేను.

నాలుగు రోజుల్లో లారీల దారి కింద లోతుగా తవ్వి కొత్త పైపు వేశారు. తక్కిన ఊళ్ళ ఫోన్లన్నీ ఫిర్యాదులుగా తెరిచేసరికి గోడ మీది టీవీ నిండా ఎరుపు. టీవీని ఆపేశారు. విచారణ కాగితాల్లో కారణం 'సాఫ్ట్‌వేర్ లోపం' అని రాశారు. నాకు ఆ రోజు వచ్చినంత కోపం ఇంకెప్పుడూ రాలేదు. సాఫ్ట్‌వేరుకు ఏ లోపమూ లేదు! మేము చెప్పింది చెప్పినట్టు చేసింది. ఎవరో దేశం కాని దేశంలో కూర్చుని రాసి, అందరూ చదువుకోండని తెరిచి పెట్టిన రాత అది. దాని పక్కన తెచ్చి పెట్టింది నా ప్యాకేజీ, అందులోంచి పంక్తి తీయించింది మా అధికారి. ఆయన కొన్నాళ్ళకు ఇంకా పెద్ద ఆఫీసుకు వెళ్ళాడు. నాకు మెమో వచ్చింది: అనుమతి లేని ప్యాకేజీ నడిపినందుకు, పై అధికారి మౌఖిక ఆదేశాన్ని పాటించనందుకు. రెండు నేరాలూ ఒకే కాగితం మీద. ప్యాకేజీ నడిపిందీ తప్పే, తీయకపోయిందీ తప్పే.

మెమో వచ్చిన వారం, ఆదివారం నాడు అంగడామె తాలూకు కాగితాలు సంచిలో పెట్టుకుని బేతంచెర్ల బస్సెక్కాను. ఆరాధన ముగిసి జనం చర్చి మెట్లు దిగుతున్నారు. నేనెవరో చెప్పి, ఈమె ఫోన్ చేయలేదని మీకు చెప్పిన ఆఫీసు మాదే, కానీ ఈమె చేసింది, చదువుతాను వినండి అన్నాను. అంగడామె తన అంగడి గుమ్మంలోనే నిలబడింది, దగ్గరికి రాలేదు.

తేదీ, సమయం చెప్పి ఒక్కొక్కటే చదివాను.

"'బండల లారీ ఎక్కి పైపు పగిలింది సార్, నీళ్ళన్నీ దారెమ్మట పోతాండాయి.'"

"'మళ్ళీ నేనే. ఎవురూ రాల్యా.'"

"'కాన్పయిన పిల్ల ఉండాది మా పేటలో. గని గుంతలో నీళ్ళు తెచ్చి కాచి ఇస్తాండారు.'"

"'క్యాన్లు కొనలేనోళ్ళకు నేనే ఊరికే ఇస్తాండా మేడమ్. నా అంగడి ఎంత? ఎన్ని దినాలు ఇచ్చేది?'"

అది చదివాక సంఘ పెద్ద తల వంచుకుని, "ఇంగ చాలు సార్, అర్థమయింది," అన్నాడు.

"చాలెందుకు?" అంది గుమ్మంలోంచి అంగడామె. "అన్నీ సదవనీ."

ముప్పై ఏడూ చదివాను. చివరిది, వాళ్ళు ట్రాక్టరులో ఆఫీసుకు వచ్చి పోయిన మర్నాటి ఉదయానిది. "'ఈడ నన్ను ఎవురూ నమ్మడం ల్యా. ఒక్క మనిషినన్నా పంపండి మేడమ్, నేను ఫోన్ చేసినానని చెప్పి పోతాడు.'"

ఒకరిద్దరు ఆడవాళ్ళు అంగడి వైపు నడిచారు. ఒకామె గుమ్మం పక్కన అరుగు మీద ఊరికే కూర్చుంది. ఆ క్యాన్ల మాట అన్నవాడెవడో నాకు తెలియదు, ఆమెకు తెలిసే ఉంటుంది. ఆమె ఎవరి వైపూ చూడలేదు. నా దగ్గరికి వచ్చి కాగితాలు తీసుకుని, అచ్చయిన తన మాటలను వేలితో తడిమి చూసింది.

"నేను అన్నది అన్నట్టే రాసి పెట్టుకున్నారు గదా సారూ," అంది. "ఒక్క తూరన్నా ఎవురూ సదవలేదా?"

మెమోకు మరుసటి వారం రెండు పేజీల జవాబు రాశాను, నియమాలూ పేజీ నంబర్లూ అన్నీ ఉటంకించి. ఆమెకు ఆ రోజు చెప్పింది మాత్రం ఒక్క మాటే: "చదవలేదమ్మా."